ఏడో నంబరు బీటు

పోస్టాఫీసు వెనక గది
మార్చి 4, మంగళవారం

ఒరేయ్ చిన్నోడా,

నిన్న ఉదయం ఏడూ యాభైకి మా పోస్టుమాస్టరు మేడమ్ నన్ను లోపలికి పిలిచి, జూన్ మూడో తేదీ తర్వాత ఏడో నంబరు బీటు నాది కాదని చెప్పింది.

కుర్చీ వేసి మరీ చెప్పింది. ఆవిడ కుర్చీ వేసిందంటేనే ఏదో మూడిందని మాకందరికీ తెలుసు. బల్ల మీద డాక్టరు కాగితం ఉంది. కుడి మోకాలిలో గుజ్జు అరిగింది. రోజుకు నాలుగు కిలోమీటర్లు మించి నడవకూడదు. సైకిలు తొక్కకూడదు. నిలబడటానికి మాత్రం ఇబ్బంది లేదు. నా బీటు పద్నాలుగు కిలోమీటర్లు, మూడువందల పన్నెండు గుమ్మాలు, పొద్దున సంచి బరువు పదహారు కిలోలు. ఆవిడకు శ్రమ లేకుండా ఈ లెక్క నేనే చెప్పాను.

ఉద్యోగం పోదు. కింది గదిలో కూర్చోబెట్టి ఉత్తరాలు వేరు చేయిస్తారు. ఆ గదికి కిటికీ లేదు. "జీతం అదే కదమ్మా, పైగా నీడపట్టు" అన్నాడు మా క్యాషియరు. వాడికి ఏం చెప్పను? ఏ గేటు గడియ పైకెత్తి లాగాలో, ఏ కుక్క ఉత్తినే అరుస్తుందో, ఏ ఇంట్లో బెల్లు కొడితే ముసలాయన ఉలిక్కిపడతాడో ఇరవై నాలుగేళ్లు పట్టింది నాకు నేర్చుకోవడానికి. కింది గదిలో అవన్నీ ఏం చేసుకోను?

"మోకాలికి పని పెట్టకుండా నేను బీటు తిరిగితే ఒప్పుకుంటారా?" అని అడిగాను.

"ఎలా తిరుగుతావు, ఎగురుతావా?"

"ఎలాగో నా తిప్పలు నేను పడతాను. ఈ మూడు నెలల్లో చేసి చూపిస్తాను, అవకాశమివ్వండి."

ఇచ్చింది. జూన్ మూడున పరీక్ష. ఎనిమిదీ పదిహేనుకి బయల్దేరి, ఎవరి సాయమూ లేకుండా, మూడువందల పన్నెండు గుమ్మాలూ చూసుకుని ఒంటిగంట లోపల తిరిగి రావాలి. మేడమ్ సైకిలు మీద వెనకాలే వస్తుంది.

నా సందుల్లో మోటారు బండి పట్టదు. అయితే మొన్న మూడో వీధి బేకరీ ఆయన ఒకదాని మీద పోతుంటే చూశాను. చిన్నపిల్లల తోపుడు స్కూటరుకి మోటారు పెట్టినట్టుంది. పలక మీద నిలబడి, హ్యాండిల్ పట్టుకుని, కాలు కదపకుండా పోతున్నాడు. ఆపి అడిగాను. ఇలాంటి కరెంటు బళ్ల పిచ్చి ఉన్నవాళ్లంతా ఏప్రిల్ పదమూడున మూసేసిన విమానాల మైదానంలో కలుస్తారట. కొత్తవాళ్లకు ఎక్కి చూసే వీలుంటుందట.

నువ్వు లిఫ్టులు బాగుచేసేవాడివి, మోటార్ల సంగతి తెలిసినవాడివి. ఇవి నమ్మదగ్గవేనా? రాయి. ఫోన్ మాత్రం చెయ్యకు. కిందటి నా పుట్టినరోజున మూడో నిమిషానికే అరుచుకున్నాం.

అక్క


లిఫ్టుల డిపో, రెండో అంతస్తు
మార్చి 10

అక్కా,

నీ ఉత్తరం చదివి గుండెల్లో రాయి పడింది. నువ్వు కిటికీ లేని గదిలోనా? మొదటివారంలోనే గోడకు కన్నం పెడతావు.

ఆ బళ్ల గురించి నాకు స్వయంగా ఏమీ తెలియదు. ఇరవై ఒకటో ఏట ఆ మోటారుసైకిలు ప్రమాదం తర్వాత, జన్మలో రెండు చక్రాల బండి ఎక్కనని నీకు మాటిచ్చాను కదా. కాబట్టి వినికిడి మాత్రమే రాస్తున్నాను. చక్రం పది అంగుళాలకు తగ్గకూడదని విన్నాను. చిన్న చక్రమైతే గోతిలో దిగబడి మనిషిని ముందుకు విసురుతుందట. టైరులో గాలి ఉండాలని, గట్టి రబ్బరుదైతే మోకాళ్లు అదిరిపోతాయని విన్నాను. బ్రేకు వేసేటప్పుడు నడుము వెనక్కి వాల్చాలి, లేకపోతే పళ్లు రాలతాయని విన్నాను.

అమ్మేవాళ్లు ముప్ఫై కిలోమీటర్లు వస్తుందంటారు. అది యాభై కిలోల మనిషి, చదునైన రోడ్డు మీద, ఎక్కడా ఆగకుండా పోతేనట. నువ్వు యాభై కిలోలు ఉండి చాలా కాలమైంది.

పెన్ను బాగాలేదు, అక్షరాలు చూసీచూడనట్టు పో.

చిన్నోడు


ఇల్లు, వంటగది బల్ల
మార్చి 17

చిన్నోడా,

రోజుకు ఆరేడువందల చేతిరాతలు చూసే మనిషిని. పెన్ను బాగాలేకపోతే సిరా కక్కుతుంది. అక్షరాలు ఎడమపక్కకు పడుకోవు. ఏం జరిగిందో అడగను. నువ్వే చెప్తావు, ఎప్పుడూ చివర్న చెప్పేవాడివే.

విన్నదే అయినా చాలా వివరంగా విన్నావు. నీకు చెప్పినవాడెవడో గాని మంచివాడు.

నేను వెళ్తున్నాను. ఇంట్లో ఇప్పటికే సర్కస్ మొదలైంది. నేను ఆ బండి ఎక్కే రోజున తన కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుంటానన్నాడు మీ బావ. కళ్లద్దాల షాపు పెట్టుకుని మాట్లాడే మాటేనా అది? "చూడలేక కాదోయ్, కిందపడితే సాక్షి అక్కర్లేదని" అన్నాడు.

నువ్వు కూడా రాకూడదూ? నీ ఊరికి అది రెండు గంటల దారి. ఎక్కొద్దు, పక్కన నిలబడి మోటార్లు చూసి చెప్పు చాలు. పదమూడు, ఆదివారం.

అక్క


లిఫ్టుల డిపో
ఏప్రిల్ 1

అక్కా,

పదమూడున రాలేను. ఆసుపత్రి లిఫ్టుల తనిఖీ ఉంది.

వెనక గేటు నుంచి లోపలికి వెళ్లు. ముందు గేటు దగ్గరంతా కంకర. చీలమండ కప్పే బూట్లు వేసుకో. నీడ కావాలంటే పాత షెడ్డు తూర్పు గోడవైపే ఉంటుంది. చార్జింగు బల్ల దగ్గర ఒకావిడ ఉంటుంది, చార్జరమ్మ అంటారు. ఆవిడ ఏం చెప్తే అది చెయ్యి. అమ్మేవాళ్లు ఏం చెప్పినా తలూపి వచ్చెయ్.

నీ సంచి తీసుకెళ్లు. ఖాళీది కాదు, పదహారు కిలోలతో.

ఇవన్నీ విన్నవే.

చిన్నోడు


ఇల్లు, వంటగది బల్ల
ఏప్రిల్ 14, సోమవారం

లిఫ్టు మాస్టారుగారికి,

కుడి మణికట్టు ఎలా ఉంది?

కంగారుపడకు. వరసగా చెప్తాను.

పదింటికి వెళ్లాను, వెనక గేటు నుంచే. తారు పగుళ్లలో గడ్డి మొలిచిన పెద్ద మైదానం. నూట ఎనభై మంది దాకా ఉన్నారు. నిలబడే స్కూటర్లు, పలక బళ్లు, ఒకే చక్రం మీద అటూ ఇటూ కాళ్లు పెట్టి దూసుకుపోయేవి. వాటి మీద ఉన్నది మాత్రం మామూలు మనుషులు. ఒక పళ్ల డాక్టరు, ఒక తాపీమేస్త్రీ, లైబ్రరీలో పనిచేసే ఇద్దరు తోడికోడళ్లు. అందరూ ఒకేసారి మాట్లాడతారు, అదీ బ్యాటరీల గురించే. బారసాలలో పిల్లాడి బరువు అడిగినట్టు, ఒకరి బండి బరువు ఒకరు అడుగుతారు.

అక్కడొక ఆచారం ఉంది, నీకు తెలియనిది కాదు. హెల్మెట్టు తిరగేసి, లోపల తెల్ల టేపు అంటించి, పడితే ఎవరికి కబురు పెట్టాలో రాయాలి. "టేపు లేని తలకాయకి మైదానం లేదు" అంది చార్జరమ్మ. నాకు హెల్మెట్టు లేదన్నాను. మర్చిపోయినవాళ్లవి ఉన్నాయని బల్ల కింద నుంచి ఒకటి తీసి ఇచ్చింది. పాత టేపు పీకుదామని తిరగేశాను.

నేను మొదట చదివిన ముక్క "ఏడో నంబరు బీటు". దాని కింద నా చిరునామా, ఇంటి నంబరుతో సహా. దాని కింద, "మా అక్క. ఉత్తరం రాయండి. ఫోన్ చెయ్యొద్దు."

నూట ఎనభై మంది ఫోను నంబర్లు రాసుకుంటే నువ్వొక్కడివి చిరునామా రాశావు. పడినవాడి కబురు మూడో రోజుకి నా సంచిలోనే వస్తుందన్నమాట. నేనే తెచ్చుకుని నా గుమ్మంలో నేనే వేసుకోవాలి.

"ఇదెవరిది?" అని అడిగాను.

"లిఫ్టు మాస్టారిదండీ. ఒంటిచక్రం మీద ఆయన్ని మించినవాడు లేడిక్కడ. ఫిబ్రవరిలో చెయ్యి విరగ్గొట్టుకున్నాడు."

"వేగంగా పోతూనా?"

"అబ్బే, నిలబడి. ఫోటో తీస్తున్నారని జుట్టు సర్దుకోబోయాడు."

"మరి ఈ టేపు మీద ఉన్నావిడకి ఉత్తరం రాశారా?"

"ఉత్తరమా! ఎవరు రాస్తారండీ?"

"రాయాల్సింది. ఆవిణ్ణి నేనే."

చార్జరమ్మ నా మొహాన్నీ టేపునీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, కుర్చీ పట్టుకుని కూర్చుండిపోయింది. ఐదు నిమిషాల్లో మైదానమంతా పాకింది, నాకు పోస్టమ్మ అని పేరు కూడా పెట్టేశారు. నీ హెల్మెట్టే పెట్టుకున్నాను. సరిపోయింది. అందులో ఆశ్చర్యమేముంది, ఇద్దరివీ ఒకే రకం మొండి తలకాయలు.

రెండేళ్లుగా వెళ్తున్నావట. పంతొమ్మిది రోజులు ఆసుపత్రిలో నీ మంచం పక్కన కూర్చుని తీసుకున్న మాట అది. దాని గురించి తర్వాత మాట్లాడదాం. ఇప్పుడు నాకు అంతకన్నా పెద్ద తలనొప్పి ఉంది.

చార్జరమ్మ తన స్కూటరు ఇచ్చి గంటన్నర నేర్పించింది. రెండుసార్లు గడ్డిలోకి పోయాను, పడలేదు. మధ్యాహ్నం అందరూ తిరిగే మూడు కిలోమీటర్ల చుట్టు ఒకటుంది. దారిపొడవునా నలభై నారింజరంగు కోనులు పెడతారు, ఎటు తిరగాలో తెలియడానికి. భుజాన సంచి వేసుకుని, పదహారు కిలోల పాత ఫోను డైరెక్టరీలతో బయల్దేరాను. మైకులో ఒకాయన చెప్తున్నాడు: "పోస్టమ్మగారు మొదటి కోను దగ్గర ఆగారు. ఏమైనా ఇబ్బందా? లేదు, బయల్దేరారు. రెండో కోను దగ్గర ఆగారు..."

ఏడో కోను దాకా నాకు తెలియనే లేదురా. ప్రతి కోను దగ్గరా ఆగుతున్నాను. కాలు కింద పెట్టి, కుడిచెయ్యి సంచిలోకి పోనిచ్చి. ఇరవై నాలుగేళ్లుగా నిలువుగా ఏది కనబడినా అది నాకు గేటే. ఇంక ఎలాగూ నవ్వుతున్నారు కదా అని, కావాలనే నలభైకి నలభై ఆగాను. ఇరవై రెండు మందిలో ఆఖరు. చప్పట్లు మాత్రం నాకే ఎక్కువ.

చార్జరమ్మ చప్పట్లు కొట్టలేదు. మీటరు చూసింది. మిగతావాళ్లకు అదే చుట్టుకి బ్యాటరీ ఎనిమిది శాతం తగ్గింది. నాకు పంతొమ్మిది. ఆగి బయల్దేరిన ప్రతిసారీ, అందులోనూ బరువుతో, మోటారు ఎక్కువ తాగుతుందట. కాగితం మీద లెక్క వేసి ఇచ్చింది: నీ బీటులో రెండువందల పదో గుమ్మం దగ్గర ఆగిపోతావు. నాది కొండ వీధులున్న బీటని అప్పటికి ఆవిడకు చెప్పనేలేదు.

జూన్ మూడు దాకా వాడుకోమని స్కూటరు ఇచ్చింది. దీనికి ఇంకా పెద్ద బ్యాటరీ పెట్టించుకుంటానంటే వద్దంది. పలక బరువెక్కితే నా మోకాలితో మెట్ల దగ్గర ఎత్తలేనట. నిజమే, ఎత్తి చూశాను.

కాబట్టి నూట రెండు గుమ్మాలు తక్కువ పడ్డాయి. ఇప్పుడు చెప్పు, ఈసారి వినికిడి కాకుండా.

అక్క


ఇల్లు
ఏప్రిల్ 20

అక్కా,

నీ ఉత్తరం మీ మరదలు ముందు చదివింది. గంటసేపు నవ్వి, ఆ తర్వాత, "మీ అక్కకు రెండేళ్లుగా చెప్పలేదా? నాకేమో చెప్పానన్నావ్!" అని నా మీద విరుచుకుపడింది. ఇప్పుడు ఇంట్లో నాకు మంచినీళ్లు కూడా నేనే తెచ్చుకోవాలి, అదీ ఎడమచేత్తో.

తప్పు నాదే. మాట తప్పలేదని నన్ను నేను నమ్మించుకున్నాను. రెండు చక్రాలు ఎక్కనన్నాను, దీనికి ఒకటే చక్రం కదా అని. నువ్వు ముందుంటే ఈ ముక్క పైకి అనడానికి ధైర్యం చాలదు. కట్టు మొన్న పదహారున విప్పారు. ఆసుపత్రి లిఫ్టుల తనిఖీ అబద్ధం. కట్టుతో నీకు కనబడటం ఇష్టంలేక రాలేదు.

నిజం ఇంకొకటి చెప్తాను. రోజంతా లిఫ్టు తిరిగే చీకటి షాఫ్టులో తాడుకి వేలాడే పని నాది. ఆదివారం ఆ మైదానంలో గాలి మొహానికి తగిలితే వారమంతా బతకగలను. నువ్వు వద్దంటే మానేస్తాను. ఈసారి చక్రాలు లెక్కపెట్టకుండా మానేస్తాను.

ఇక నీ నూట రెండు గుమ్మాలు. మూడు రాత్రులు కాగితాలు ఖరాబు చేశాను. రెండు మాటలు దొరికాయి.

మొదటిది. లిఫ్టు ఒక్కో మనిషి కోసం ఒక్కోసారి పైకి పోదు. పోతే మోటారు వారంలో కాలిపోతుంది. పక్కపక్క గుమ్మాలకు ఒక్కసారే ఆగు. మూడేసి గుమ్మాలు నడిచి ఇచ్చి, వెనక్కి వచ్చి బండి ఎక్కు. నడక నాలుగు కిలోమీటర్లు దాటకుండా ఎక్కడెక్కడ ఆగాలో నువ్వే కొలుచుకోవాలి.

రెండోది నీకు నచ్చదు. నువ్వు పోస్టాఫీసు నుంచి నేరుగా కొండ ఎక్కుతావు, సంచి నిండుగా ఉన్నప్పుడు. ఎందుకు?

చిన్నోడు


పోస్టాఫీసు వెనక గది
మే 12, సోమవారం

చిన్నోడా,

ఎందుకు అని అడిగావు. నా ముందు బీటు చేసినాయన అలా ఎక్కేవాడు. ఆయన ముందున్నాయన అలా ఎక్కేవాడట. ఒంట్లో సత్తువ ఉండగానే ఎక్కెయ్యాలి, చివర్లో చదును ఉండాలి. నడిచేవాళ్ల లెక్క అది. మోటారుకి పొద్దునా మధ్యాహ్నమూ ఒకటేనని ముగ్గురిలో ఒక్కరికీ తట్టే పని పడలేదు.

బీటు తిరగేశాను, పరీక్ష కోసం; రోజూ ఉత్తరాలిచ్చేది మాత్రం ఇంకా పాత వరసలోనే. ముందు చదును వీధులు, సంచి నాలుగు కిలోలకు దిగాక కొండ. నీకు ఇది ఒక వాక్యం. నాకు సంచి సర్దుడంతా తలకిందులు. మూడువందల పన్నెండు గుమ్మాల వరస నా బుర్రలో లేదురా, వేళ్లలో ఉంది. మొదటివారం తల ప్రాణం తోకకొచ్చింది.

నిన్న ఆదివారం రిహార్సల్ పెట్టాను. ఉత్తరాల బదులు కాగితం ముక్కలు. మీ బావ మేడమ్ వేషం కట్టి, సైకిలెక్కి, నా వెనకాల వచ్చాడు. మొదటి గుమ్మం దగ్గర చెయ్యి పెడితే కొండ మీది ఆఖరి ఇంటి కాగితం వచ్చింది. వరస తిరగేసి సర్దాను, సరే. పాత అలవాటున సంచిని కూడా తిరగేసి నింపాను! రెండుసార్లు తిరగేస్తే మళ్లీ మొదటికే వస్తుందని మీ బావ రోడ్డు మధ్యలో నిలబడి పాఠం చెప్పాడు. మేడమ్ అయితే ఇంత మాట్లాడదని చెప్పాను.

మొత్తం నూట ముప్ఫై ఒక్క చోట్ల ఆగితే సరిపోతుంది. నడక రెండు కిలోమీటర్ల తొమ్మిదివందల మీటర్లు. తిరిగొచ్చేసరికి బ్యాటరీ పద్నాలుగు శాతం. టైము ఒంటిగంటా ఇరవై రెండు. అంటే ఇరవై రెండు నిమిషాలు ఎక్కువ. ఇంకా మూడు వారాలున్నాయి.

నీ ఒంటిచక్రం సంగతి. నేను రోజూ రెండు చక్రాలెక్కి తిరుగుతూ నిన్ను మానమంటే వినేవాళ్లు నవ్వుతారు. మానొద్దు. జుట్టు మాత్రం ఇంట్లోనే దువ్వుకుని వెళ్లు. టేపు మీద మీ ఆవిడ ఫోను నంబరు రాయి, కబురు తొందరగా అందుతుంది.

అక్క


లిఫ్టుల డిపో
మే 24

అక్కా,

హమ్మయ్య. మీ మరదలు మంచినీళ్లివ్వడం మొదలుపెట్టింది.

ఇరవై రెండు నిమిషాలు బండి మీద దొరకవు. వేగం పెంచకు, బ్యాటరీ పోతుంది. గుమ్మాల దగ్గర వెతుకు. ఒక్కో చోట ఎంతసేపు ఆగుతున్నావో బావని వాచీ పట్టుకుని రాయమను. లిఫ్టులో కూడా ఆలస్యమంతా తలుపులు తెరిచి మూసే దగ్గరే.

మూడో తేదీన నిజంగానే ఆసుపత్రి లిఫ్టుల తనిఖీ ఉంది. నమ్మకపోతే మీ మరదల్ని అడుగు. రోజంతా షాఫ్టులో ఉంటాను. పని చేస్తున్నానా, ఒంటిగంట కోసం చూస్తున్నానా అనేది ఆ రోజు లిఫ్టెక్కినవాళ్ల అదృష్టం.

చిన్నోడు


పోస్టాఫీసు వెనక గది
జూన్ 5, గురువారం

చిన్నోడా,

మొన్న మంగళవారం మధ్యాహ్నం పన్నెండూ నలభై ఏడుకి పోస్టాఫీసు మెట్ల దగ్గర కాలు కింద పెట్టాను. మూడువందల పన్నెండు గుమ్మాలు. సంచి ఖాళీ. బ్యాటరీ పదకొండు శాతం.

నువ్వన్నది నిజమే, ఆలస్యం గుమ్మాల దగ్గరే ఉంది. మీ బావ రాసిన కాగితం చూస్తే, ప్రతి మూడో ఇంటి దగ్గర ఎవరో ఒకరితో మాట్లాడుతున్నాను. నాకు తెలియదురా, నిజం. ఇరవై నాలుగేళ్లుగా నేను ఉత్తరాలిస్తున్నాననుకున్నాను, కబుర్లు చెప్తున్నానట. మంగళవారం ఒక్కరోజుకి నోటికి తాళం వేశాను. దాంతో ముగ్గురు నాకు ఒంట్లో బాగాలేదేమోనని భయపడ్డారు.

వరస మారేసరికి వీధులన్నీ గందరగోళం. ఎప్పుడూ పన్నెండున్నరకు ఉత్తరం అందుకునే రిటైర్డు హెడ్మిస్ట్రెస్ ఎనిమిదిన్నరకే తలుపు తీసి, "ఇది నిన్నటిదా?" అంది. కొండ మీద మొదటి ఇంటాయన నేను వచ్చాకే టీ తాగే మనిషి. పన్నెండుకి వెళ్లేసరికి గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు, పొద్దుటి నుంచి టీ లేదు. పరీక్ష కాబట్టి ఒక్క మాటా అనకుండా ఉత్తరం చేతిలో పెట్టాను. ఆయన నా వైపు చూసిన చూపు మాత్రం మర్చిపోలేను.

అసలు గండం కొండ దగ్గర వచ్చింది. నా బండికి కాదు. సగం ఎక్కాక వెనక్కి చూస్తే మేడమ్ లేదు. కింద సైకిలు దిగి, నెట్టుకుంటూ, మొహం ఎర్రగా చేసుకుని వస్తోంది. పరీక్ష పెట్టేవాళ్లు చూడకపోతే ఆ గుమ్మాలు లెక్కలోకి రావు. ఆగాను. తొమ్మిది నిమిషాలు. వాచీ చూస్తుంటే నాకు చెమటలు పట్టాయి, ఆవిడకు ఎలాగూ పట్టాయి.

"ఈ కొండ రోజూ ఎక్కేదానివా? సంచి నిండుగా పెట్టుకుని?" అంది ఊపిరి అందాక.

"ఇరవై నాలుగేళ్లు, మేడమ్."

"నాకెవరూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు మేడమ్. పదండి, ఇంకా డెబ్భై ఎనిమిది గుమ్మాలున్నాయి."

నిన్న సాయంత్రం నాలుగింటికి మళ్లీ లోపలికి పిలిచింది. కుర్చీ వేసింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆర్డరు కాగితం నా ముందుకు తోసింది: ఏడో నంబరు బీటు ఏడాది పాటు నాదే, వచ్చే జూన్‌లో మళ్లీ చూస్తారు. కుర్చీ ఎందుకు వేసిందంటే, రెండో కాగితం కోసం. మా పోస్టాఫీసులో డాక్టరు చీటీలున్న మోకాళ్లు ఇంకో ఐదు ఉన్నాయట. ఐదుగురికీ జూలైలో కింది గది ఆర్డర్లు సిద్ధంగా ఉన్నాయి. "వాళ్లకు నేర్పుతావా? స్కూటర్లు రెండు ఆఫీసు ఇస్తుంది" అంది. నాకు నడపడం వచ్చుగాని నేర్పడం రాదన్నాను. వచ్చినవాడు ఒకడున్నాడని, లిఫ్టులు బాగుచేస్తాడని చెప్పాను. ఆ ఐదుగురిలో కింది గదిని నీడపట్టని నాకు చెప్పిన క్యాషియరు తమ్ముడు కూడా ఉన్నాడు. క్యాషియరే వచ్చి పేరు రాయించి వెళ్లాడు, నా మొహం చూడకుండా.

చార్జరమ్మకు ఫోన్ చేశాను, తన స్కూటరు ఇంకో నెల ఉంచుకోమంది. శుక్రవారం పదమూడున సాయంత్రం ఆరూ పది బండికి రా, స్టేషనుకి మీ బావ వస్తాడు. మరదల్ని కూడా తీసుకురా, నీ మీద ఫిర్యాదులు ఎదురుగా కూర్చుని వింటాను. శనివారం ఉదయం ఏడింటికి పోస్టాఫీసు వెనక పెరట్లో ఐదుగురూ ఖాళీ సంచులతో నిలబడి ఉంటారు. మొదటి గంట దిగడం నేర్పిద్దాం. ఎక్కడం ఎనిమిదింటికి.

అక్క